చెవితో కొన్న సైకిల్

అందరూ సైకిల్‌ని కళ్ళతో చూసి కొంటారు. వాచీల మేస్త్రి మాత్రం షాపులో మోకాళ్ళ మీద కూర్చుని, వెనక చక్రాన్ని పైకెత్తి, గిర్రున ఒక్క తిప్పు తిప్పి చెవి దగ్గర పెట్టాడు.

"చప్పుడు సరిపోదు" అన్నాడు.

షాపు ఓనరు బిత్తరపోయాడు. చప్పుడు ఎక్కువైందని గొడవ పెట్టుకున్నవాళ్ళున్నారు గానీ, తక్కువైందని వంక పెట్టినవాణ్ణి ఆయన ఇంతవరకూ చూడలేదు.

"అది ఫ్రీవీల్ సార్. తొక్కడం ఆపితే టిక్కుటిక్కుమంటుంది, అంతే."

"తోసుకుంటూ నడిస్తే?"

"అప్పుడూ మోగుతుంది."

"అయితే ఇంకా గట్టిగా మోగేది చూపించండి."

సైకిల్ ఆయనకు కాదు, భార్యకి. పొద్దున్నే కొండదారిన ఓ గంట తొక్కుతానని ఆమె ఏడాదిగా అంటోంది. అదే బండి మీద స్కూలుకి వెళ్ళాలి, కూరగాయలు తేవాలి, గుంతలు పడ్డ వీధుల్లో నడుము విరక్కుండా ఇల్లు చేరాలి. ఇన్ని పనులకీ ఒక్కటే బండి, అదీ ఇరవై వేలు దాటకూడదు.

"అయితే హార్డ్‌టెయిలే తీసుకోండి" అన్నాడు ఓనరు. "ముందు చక్రానికి షాకబ్జార్బర్ ఉంటుంది, వెనక ఉండదు. ఈ డబ్బుకి రెండువైపులా ఉన్నది ఎవరైనా అమ్ముతానంటే దండం పెట్టి వచ్చేయండి. స్ప్రింగులు మిగులుతాయి, బ్రేకులుండవు."

మేస్త్రి తలూపాడు. ఆయనకు స్ప్రింగులతో పనిలేదు. ఆయన బాధల్లా షుగరు.

ఈసారి రక్తపరీక్షలో అంకె దిగకపోతే రోజూ సూదే అని డాక్టరు తేల్చి చెప్పాడు. సూది అంటే మేస్త్రికి ముచ్చెమటలు. తీపి అంటే ప్రాణం. ఈ రెండింటి మధ్యా కాపలాగా భార్య నిలబడింది. ఇరవై ఏళ్ళుగా పరీక్ష హాల్లో కాపీ చీటీలు పట్టిన టీచరామె. నడిస్తే అడుగు వినపడదు. కిందటి నెలలోనే రెండుసార్లు, జామ్ చెంచా ఆయన నోట్లో ఉండగా పట్టేసుకుంది.

అందుకే ఆమె సైకిల్ మాట మళ్ళీ ఎత్తగానే ఆయన ఎగిరి గంతేశాడు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఎలుకలన్నీ తలలు పట్టుకున్నాయి గానీ, పిల్లికే గంట బహుమతిగా ఇవ్వచ్చని ఒక్క ఎలుకకీ తట్టలేదు.

షాపులో అటుపక్క భార్య పరీక్షలు భార్య చేసుకుంటోంది. సీటు మీద కూర్చుంది. బ్రేకులు నొక్కింది. కింద రాయి పెట్టించి దాని మీంచి చక్రం ఎక్కించింది. చివర్లో ఒక్కోదాన్నీ ఎత్తి భుజాన వేసుకుంది.

"ఇది బరువండీ."

"తొక్కుతావా, మోస్తావా?"

"మనది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. కింద వదిలేస్తే తెల్లారేసరికి ఉంటుందా?"

నిజమే కదా అని మేస్త్రి ఇంకో బండి వైపు నడిచాడు.

మూలనున్న బూడిదరంగు బండి పోయినేడాది మోడలు, ధర తగ్గించి పెట్టారు. మేస్త్రి చక్రం తిప్పాడు. షాపంతా టకటకలాడింది. భార్య భుజానికెత్తుకుంది. ఎత్తినట్టే లేదు.

"ఇదే" అన్నారిద్దరూ ఒకేసారి. పెళ్ళయిన పాతికేళ్ళలో ఒక వస్తువు ఇద్దరికీ కలిసి నచ్చడం అదే మొదటిసారి.

"గ్రీజు పెట్టిస్తాను సార్, ఆ చప్పుడు తగ్గుతుంది" అన్నాడు ఓనరు.

"గ్రీజు డబ్బా దాని దగ్గరికి రానిచ్చారంటే బేరం లేదు."

మర్నాటినుంచే మేస్త్రికి మంచిరోజులొచ్చాయి. ఆరింటికి ఆమె కొండదారి పట్టేది. వెళ్ళగానే ఆయన గోడవారనున్న పెద్ద గడియారం తలుపు తీసేవాడు. విడిభాగం దొరకడం లేదని ఆరునెలలుగా ఆగిపోయిన గడియారమది. దాని పొట్టలో లోలకం లేదు, జామ్ సీసా ఉంది. ఆయన కిటికీ పక్కన కూర్చుని తీరిగ్గా చెంచాడు చెంచాడు లాగించేవాడు. ఏడింటికి వీధి మలుపులో టకటక మొదలయ్యేది. సీసా గడియారంలోకి, నీళ్ళు నోట్లోకి, భూతద్దం కంటికి. ఆమె మూడు అంతస్తులూ మోసుకొచ్చేసరికి ఆయన ఎవరిదో వాచీ విప్పి, తపస్సులో ఉన్నట్టు కూర్చునేవాడు.

ఆదివారాలు ఆయనే కూర్చుని ఫ్రీవీల్‌కి అంటిన కాస్త జిడ్డూ బ్రష్షుతో గీకి తీసేసేవాడు. భార్యంటే ఎంత ప్రేమో అని పక్కింటావిడ తన మొగుణ్ణి తిట్టుకుంది.

రక్తపరీక్ష రేపనగా ఆయనకు భయం పట్టుకుంది. సూది కళ్ళముందు ఆడింది. ఈరోజుతో సరి, రేపటినుంచి ముట్టను అని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు పెట్టుకున్నాక ఆఖరి రోజు కదా అని పెద్ద చెంచా తీసుకున్నాడు.

ఏడైంది. మలుపు వైపు చెవి పెట్టాడు. ఏమీ లేదు. ఇంకో చెంచా తిన్నాడు. ఏడుంపావయింది. వీధి నిశ్శబ్దంగా ఉంది. కొండ మీద చక్రం గాలి పోయిందేమోనని కాస్త కంగారు కూడా పడ్డాడు పాపం. ఆ కంగారులో సీసా అడుగు గీకాడు.

"ఏమండీ, నాక్కాస్త మిగిల్చారా?"

మేస్త్రి నోట్లో చెంచాతోనే వెనక్కి తిరిగి చూస్తే, వీధి మలుపు నుంచీ చక్రం నేలకి ఆననివ్వని సైకిల్ భుజాన వేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, భార్య వట్టికాళ్ళతో గుమ్మంలో నిలబడి ఉంది.