పైకప్పు మీద బొమ్మ

"గోడ మీదికి కాదు భాయ్. బొమ్మ పైకి కొట్టాలె, పైకి!" లింగమూర్తి పైకప్పు వైపు వేలు చూపించాడు.

అస్గర్ బిత్తరపోయాడు. గోదావరిఖనిలో టీవీలు బాగుచేసుకునే మనిషి. పాత వీడియో ప్రొజెక్టర్లు రెండు రిక్షాలో వేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఈ కంపెనీ క్వార్టర్‌కు వచ్చాడు. ఏదో ఒకటి అంటగట్టి పోదామనుకుంటే ఇదేం పెడసరం బేరమో అతనికి అంతుపట్టలేదు.

"అన్నా, గివి మూడు కండ్ల మిషన్లు. ఒక్కో అద్దం ఎనుక నీళ్ల లెక్క మందుంటది. ఎల్లెల్కల పండవెడితే కారుతది. మల్ల నన్ననొద్దు."

"ఎల్లెల్కల పండుకున్నోనికి గోడ ఎట్ల కనవడ్తది? నువ్వే చెప్పు."

అస్గర్ అప్పుడు చూశాడు, గది మధ్యలో మంచాన్ని. లింగమూర్తి తమ్ముడు బుచ్చన్న అందులో కదలకుండా పడి ఉన్నాడు. గనిలో పైకప్పు కూలి మీద పడి ఎనిమిది నెలలైంది. నడుము పోయింది, మెడ తిరగదు. ఆ రోజు నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గొంతుకు ఏమీ కాలేదని, అతనే మాట్లాడటం లేదని డాక్టర్లు చెప్పి చేతులు దులుపుకున్నారు.

"ఇద్దరం ఒక్క షిఫ్టుకే దిగినం భాయ్. నేను బయటవడ్డ. ఆడు గిట్లయిండు." లింగమూర్తి తమ్ముడి తల కింది దిండు సర్దాడు. "పొద్దంత గా తెల్లటి కప్పు దిక్కే చూస్తడు. బొమ్మ చూసన్న నవ్వుతడేమో, తిడ్తడేమో. నోట్లెకెల్లి ఒక్క మాటొస్తె చాలు నాకు."

"మూడు దినాలాయె బావా, బువ్వ గూడ ముట్టుతలేడు," అంది తలాపున నిలబడ్డ బుచ్చన్న భార్య సారలమ్మ. "గిది గూడ కాకుంటె ఇగ మనిషి దక్కడు."

లింగమూర్తికి తమ్ముడంటే ప్రాణమని కాలనీ అంతా చెప్పుకుంటుంది. ఎనిమిది నెలలుగా స్నానం చేయించేది, పక్క మార్చేది అతనే. ఇవాళ డ్యూటీ మానుకుని, సీలింగు ఫ్యాను ఊడదీసి, కిటికీలకు గొంగళ్లు కట్టాడు. గది ఉడికిపోతోంది.

ఇటుకల మీద మొదటి మిషన్‌ను వెల్లకిలా పెట్టారు. మందమర్రిలో మూతబడ్డ వీడియో హాలుది. అస్గర్ క్యాసెట్ వేయగానే పైకప్పు మీద ఎవరిదో పెళ్లి ఊరేగింపు కదిలింది. పెళ్లికొడుకు, గుర్రం, బ్యాండు వాళ్లు, అందరూ పసుపుపచ్చగా పాలిపోయి ఉన్నారు.

"ఏంది భాయ్, పెండ్లికొడుక్కు పసిరికలు లేశినయా?"

"నీలం కన్ను జర కమ్జోర్ అన్నా. చూడంగ చూడంగ అలవాటైతది."

లింగమూర్తి వంగి తమ్ముడి ముఖంలోకి చూశాడు. బుచ్చన్న కళ్లు మూసుకున్నాడు. "తీసెయ్యి!" అని లింగమూర్తి కసిరాడు.

"ఇగ గిదొక్కటే ఉన్నది." అస్గర్ రెండోదాన్ని ఎత్తిపెట్టాడు. హైదరాబాద్‌లో ఏదో హోటల్ నుంచి వచ్చినది, లోపల ఏళ్లనాటి దుమ్ము. "గిది గూడ నచ్చకుంటె నా తాన వేరేది లేదు. జర ఆగు, మూడు రంగుల గీతలు ఒక్కతాన కలపాలె. గప్పుడే బొమ్మ నిలవడ్తది."

తలుపు మూశారు. గది చీకటైంది. లింగమూర్తి మంచం మీదికి వంగి, తడి తువ్వాలతో తమ్ముడి నుదురు తుడుస్తున్నాడు. "ఇగ జూడు తమ్మీ, మస్తుంటది గిది," అని బుజ్జగిస్తున్నాడు.

మిషన్ వేడెక్కింది. పైకప్పు మీద సన్నటి గీతలు లేచాయి. అస్గర్ మర తిప్పుతుంటే ఎర్రగీత ఒకటి విడిపోయి, వంకరగా ఈ మూల నుంచి ఆ మూలకు పాకింది. దాని వెంటే ఇంకొకటి. లోపలి దుమ్ము మీద కరెంటు కొట్టి చిట్... చిట్... చిటపటమంది.

గనిలో పైకప్పు కూలే ముందు ఇదే చప్పుడు వస్తుంది. పగుళ్లు ఇలాగే పరుగెడతాయి. ఇరవై ఏళ్లు బొగ్గు తవ్వినవాడికి ఆ చప్పుడు వినబడితే ఆలోచన ఉండదు, కాళ్లే ఉంటాయి.

లింగమూర్తి చేతిలోని తువ్వాల జారి తమ్ముడి ముఖం మీద పడింది. మంచం మీదుగా ఒక్క దూకు దూకి, అడ్డమొచ్చిన సారలమ్మను తోసేసి, తలుపు లాగి వాకిట్లో పడ్డాడు.

"రూఫ్ దిగుతాంది! ఉరుకుండ్రి! ఉరుకుండ్రి!"

ఏం జరుగుతోందో సారలమ్మకు తెలియదు. తెలియకపోయినా లేచి మొగుడి మీద అడ్డంగా పడి కప్పుకుంది. అస్గర్ చేతిలో స్క్రూడ్రైవర్‌తో నోరు తెరిచి నిలబడిపోయాడు.

ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది. కాసేపటికి లింగమూర్తి చెప్పుల్లేని కాళ్లతో గడపలోకి వచ్చాడు. నవ్వబోయాడు గాని రాలేదు.

"మిషన్ సప్పుడా భాయ్? నా పానం పోయినంత పనైంది."

"దుమ్మన్నా. సాఫ్ చేస్తె పోతది. ఫికర్ చెయ్యకు."

సారలమ్మ లేచి, మొగుడి ముఖం మీది తువ్వాల తీసింది. బుచ్చన్న కళ్లు పైకప్పు మీద లేవు. గడప వైపు తిరిగి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి.

"బావా! మాట్లాడుతాండు! జల్ది రా బావా!"

లింగమూర్తి రెండంగల్లో వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు. తమ్ముడి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, నోటి దగ్గర చెవి పెట్టాడు.

"చెప్పు తమ్మీ. ఏమన్న అను, నీ నోటితోని ఒక్క మాట అను."

ఎనిమిది నెలల తర్వాత బుచ్చన్న గొంతు గరగరమంటూ పెగిలింది.

"ఆ దినం గూడ గిట్లనే నన్ను దాటుకుంట ఉరికినవ్ అన్నా."