పాఠంలో గాడిద

"ఈ గాడిదను చూడండి," అన్నాడు డాక్టర్ శాన్యాల్.

తెరమీద పాతికేళ్ళ నాటి మెదడు స్కాన్. విద్యార్థులు నవ్వారు. ప్రతి బ్యాచీ నవ్వే చోటే అది.

"మందు మొదలెట్టాక తెల్లమచ్చ పెద్దదైంది. కణితి పెరిగిందనుకుని ఈ డాక్టరు మందు ఆపించాడు. మనిషి పోయాక చూస్తే అక్కడున్నవన్నీ చచ్చిన కణాలే! నీళ్ళ కదలిక చూపే డిఫ్యూజన్ చిత్రం చూసుంటే తెలిసేది. కణాలు చస్తే చోటు దొరికి నీళ్ళు ధారాళంగా కదులుతాయి. ఈ మహానుభావుడికి అంత తీరిక లేదు."

ఆ మహానుభావుడి పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది. గాడిదల పేర్లు చదివే అలవాటు శాన్యాల్‌కు లేదు.

తన గదిలోకి వచ్చేసరికి బయట ఇరవైమంది రోగులు. ముందు వరసలో మెదడు కణితికి మందు వాడుతున్న మితాలి, తోడుగా వాళ్ళ వీధి ముసలాయన, నలిగిన ధోవతిలో.

శాన్యాల్ ఆమె స్కాన్‌లో ఒక్క చిత్రం చూశాడు.

"మచ్చ పెరిగింది. మందు పనిచెయ్యట్లేదు. ఆపమని రాస్తున్నా."

"మా పాపకింకా నాలుగేళ్ళే, డాక్టర్‌బాబూ," అంది మితాలి.

"డిఫ్యూజన్ చిత్రం కూడా ఒక్కసారి తెరవండి," అన్నాడు ముసలాయన.

"ఏ వీడియోలో నేర్చుకున్నావు దాదూ?"

"రెండు నిమిషాల పని బాబూ..."

"తాతకే దగ్గులు నేర్పుతున్నావా? నడు బయటికి!"

ముసలాయన ఓ కాగితం మీద ఏదో రాసి, మడిచి బల్లమీద పెట్టి వెళ్ళాడు. శాన్యాల్ దానిమీద టీ ముంత పెట్టుకున్నాడు, తర్వాత సొరుగులోకి తోసేశాడు. పాఠం ఆయన నోట్లోనే ఉంది, తలకెక్కలేదు.

రెండు నెలలకు మితాలిని చక్రాల కుర్చీలో తెచ్చారు. మాట పడిపోయింది.

"ఆ ముసలాయన రాలేదేం?" అన్నాడు శాన్యాల్, ఎగతాళిగానే.

"లాహిరి కాకా పోయినవారం పోయారు," అన్నాడు మితాలి భర్త.

స్కాన్ తీసే శంపా పాత, కొత్త డిఫ్యూజన్ చిత్రాలు పక్కపక్కన తెరిచింది.

"సార్, అప్పుడు నీళ్ళు బాగా కదిలాయి. మందు పనిచేస్తూనే ఉంది. ఆపాకే కణాలు మళ్ళీ కిక్కిరిశాయి."

శాన్యాల్ సొరుగంతా కెలికి, ముంత మరక పడ్డ ఆ కాగితం విప్పాడు.

"ఒకప్పుడు నేనూ ఇలాగే తొందరపడ్డాను. ఈ అమ్మాయికి అలా జరగనివ్వకండి. - నిరుపమ్ లాహిరి."

మర్నాడు ఇంకో బ్యాచీ పాఠంలో గాడిద వచ్చింది. విద్యార్థులు ఎప్పటిలాగే నవ్వారు.

శాన్యాల్ మొదటిసారి కింది చిన్న అక్షరాలు చదివాడు: "రోగి నా భార్య, తప్పు నాది, దాచకుండా పిల్లలకు చూపించండి - డాక్టర్ నిరుపమ్ లాహిరి."