చావుబండి

"పాపా, ప్రసాదం తీసుకో."

రోహిణి చెయ్యి చాచలేదు.

ఆ రోజు విశ్వకర్మ పూజ. ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 7 వీధుల్లో స్కూటర్లూ, జీపులూ, ఆటోలూ తలంటు పోసుకున్న పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి. ప్రతి చక్రం కిందా ఒక నిమ్మకాయ. ప్రతి బండివాడి చేతిలోనూ బూందీ పొట్లాలు.

ఈ పొట్లం పట్టుకొచ్చినవాడు అప్పలకొండ.

రెండేళ్ల కిందట రోహిణి తండ్రి త్రినాథరావు ప్రాణం పోయింది ఇతని మెటాడోర్ వ్యాను వెనక సీట్లోనే. సైకిల్ మీద మధ్యాహ్నం బి షిఫ్టుకి వెళ్తున్న మనిషిని గుద్దేశాడన్నారు. ఆసుపత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. తప్పు తనదేనని ఒప్పుకుని జైలుకెళ్లాడు. తిరిగొచ్చాడు. మళ్లీ అదే బండి, అదే వీధి.

రోహిణి పొట్లం అందుకుంది. అతని కళ్లలోకి చూస్తూ బూందీ అంతా అతని బండి చక్రం కింద పోసింది.

"మా నాన్నకి పెట్టు."

అప్పలకొండ వంగి, మట్టిలోంచి బూందీ ఏరుకున్నాడు. తర్వాత కొబ్బరికాయ తీశాడు. అందరూ బండి ముందు కొడితే, అతను వెనక సీటు దగ్గర కొట్టాడు. ఆ సీటుకే బంతిపూల దండ వేశాడు.

'చేసిన పాపం గుర్తుందన్నమాట. ఉండాలి' అనుకుంది రోహిణి.

మధ్యాహ్నం అతను అన్నానికి వెళ్లగానే మేకు పట్టుకుని బండి దగ్గరకొచ్చింది. ముందు భాగమంతా తడిమి చూసింది. పాత రంగు పాతగానే ఉంది. చిన్న సొట్ట కూడా లేదు.

'దొంగ! ఎంత బాగా చేయించుకున్నాడో!'

వెనక తలుపు మీద పెద్ద అక్షరాలతో గీసింది. తెలుగులో రాస్తే ఆ హిందీ ఊళ్లో సగంమందికి తెలియదని హిందీలో గీసింది. మౌత్ కీ గాడీ. చావుబండి.

మర్నాడు పక్క క్వార్టర్ వరలక్ష్మమ్మ మనవణ్ణి స్కూలుకి పంపుతూ ఆ బండి కోసమే నిలబడి ఉంది.

"మామ్మా, మీవాణ్ణి ఏ సీట్లో కూర్చోబెడతాడో తెలుసా?"

"ఏ సీటే?"

"మా నాన్న పోయిన సీటు."

"ఓలమ్మో! ఒరే, రిక్షా ఎక్కరా! ఆ బండి ముట్టుకోకు!"

వారం తిరిగేసరికి పిల్లలందరూ దిగిపోయారు. పెళ్లిళ్లకి పిలిచేవాళ్లూ మానేశారు. చివరికి ఆ బండిని పిలిచేది ఒక్కరే. శవాన్ని శివనాథ్ నది ఒడ్డున శ్మశానానికి తీసుకెళ్లాల్సినవాళ్లు.

రోహిణికి అదీ చాల్లేదు. ఒకరోజు రోడ్డుకి అడ్డంగా నిలబడి బండి ఆపింది.

"ఈ ఊరొదిలి ఎప్పుడు పోతావ్?"

"నీ సదువు పూర్తవనీ పాపా. ఎలిపోతాను."

"నీ చావు చూశాకే నా చదువు."

అప్పలకొండ "సర్లే" అని నవ్వి, బండి వెనక్కి తిప్పుకున్నాడు.

ఆ సంగతి తెలిసి తల్లి తులసమ్మ మండిపడింది. "ఆడి జోలికి ఎల్లొద్దని ఎన్నిసార్లు సెప్పాలే?"

"ఎందుకెళ్లకూడదు? నీకు నాన్న పోయిన బాధే లేదు! ఆయన ఉద్యోగం వచ్చిందిగా, చాలు నీకు."

త్రినాథరావు డ్యూటీకి వెళ్తూ బండి కింద పడి పోయాడని కాగితాల్లో ఉంది కనకే అతని చోట తులసమ్మకి ప్లాంటులో ఉద్యోగమిచ్చారు. క్వార్టర్ నిలిచింది. రోహిణి చదువూ నిలిచింది. తులసమ్మ మెడలోని ప్లాంటు గేటుపాసు సర్దుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

డిసెంబరులో ఒక పొద్దున్న రోహిణి పాలకి వెళ్లి, సగం దారిలోంచే పరిగెత్తుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా! చావుబండోడు పోయాడు! రుఆబాంధా మలుపులో, ఆ బండిలోనే, ఆ వెనక సీట్లోనే! గుండె ఆగిపోయిందట. ముట్టుకోడానికి ఒక్కడూ రావట్లేదు. దేవుడున్నాడమ్మా!"

డ్యూటీకి బయల్దేరుతున్న తులసమ్మ ఆగిపోయింది. గేటుపాసు మెడలోంచి తీసి గూట్లో పెట్టింది. పెరట్లోకి వెళ్లి, కట్టుబట్టలతోనే, బకెట్టెడు చన్నీళ్లు నెత్తిన కుమ్మరించుకుంది.

"ఏటిదమ్మా! మనవాళ్లు పోతే కదా తలకి పోసుకుంటారు! వాడు మనకేమవుతాడు?"

తులసమ్మ రెండో బకెట్ నింపి కూతురి ముందు పెట్టింది.

"నువ్వూ పోసుకో."

"నేనా? వాడికా?"

"మీ నాన్నని ఏ బండీ గుద్దలేదే. పట్టపగలు తాగి, సైకిల్ మీంచి కల్వర్టు మీద పడ్డాడు."

రోహిణి నవ్వబోయింది. నవ్వు రాలేదు. సొట్ట లేని ఆ బండి ముందు భాగం అరచేతికి చల్లగా తగిలినట్టయింది.

"ఈ అప్పలకొండే రోడ్డంట పోతూ సూసి ఎత్తుకొచ్చాడు. ముక్కూ మొకం తెలీనోడు. 'నా కూతురి సదువు' అన్నాడంట మీ నాన్న, ఆడి సెయ్యి పట్టుకుని. అదే ఆకరి మాట." తులసమ్మ ఒంటినుంచి నీళ్లు కారుతున్నాయి. "తాగి పడి సచ్చినోడి పెళ్లానికి నౌకరీ ఎవడిస్తాడు? నీకు మాత్రం సెప్పొద్దని ఆడే నా సేత ఒట్టేయించుకున్నాడు. నీకు తండ్రంటే సులకనైపోద్దంట."

"మరి... జైలు?"

"'నా బండే గుద్దింది, రాసుకోండి' అని పోలీసులకి సెప్పి, నా మెళ్లో ఆ పాసు ఏసి, ఆడు జైలుకెళ్లాడు."