గోడకి ఒక మేకు

మ్యూజియంలో తిరిగి తిరిగి నా కాళ్ళు పీకేస్తున్నాయి. సాన్వికి మాత్రం ప్రతి అద్దాల పెట్టె ముందూ ఆగాల్సిందే.

"అమ్మా, లుక్! వైకింగ్స్ కొలంబస్ కంటే ముందే అమెరికాకి వచ్చారు. కొన్ని ఇయర్స్ ఉండి వెళ్ళిపోయారు."

"మంచి పని చేశారు," అన్నాను విసుగ్గా.

పెట్టెలో తుప్పు పట్టిన మేకు ఉంది. ఓడల మీద వచ్చిన ఆ వైకింగ్స్ పోతూ పోతూ పనికొచ్చే సామానంతా పట్టుకుపోయారట. ఇలాంటి మేకులు మిగలబట్టే వాళ్ళిక్కడ ఉన్నారని తెలిసిందట.

"నాన్నా, మన ఇంట్లో గోడకి ఒక్క మేకు కూడా లేదు కదా?" అంది సాన్వి.

ఫణి ఆ మేకు మీదికి వంగి చూశాడు. పెళ్ళి ఫొటో తగిలిద్దామని నేనెప్పుడు అడిగినా, "అద్దె గోడ పాడైతే ఊరుకోరు. గ్రీన్ కార్డ్ వచ్చాక సొంతింట్లో కొట్టుకుందువులే," అనేవాడు. సాన్వి పుట్టకముందు నుంచీ ఆ ఫొటో సోఫా వెనక నేల మీదే ఉండేది.

ఇంటికొచ్చాం. కూలబడదామంటే సోఫా లేదు, పొద్దున్నే ఎవరో కొనుక్కుని తీసుకెళ్ళారు. గదంతా సూట్‌కేసులు. ఫణి ఉద్యోగంతో పాటే వీసా కూడా పోయింది. రేపే హైదరాబాద్ ఫ్లైట్.

ఫణి పక్కింట్లో సుత్తీ మేకూ అడిగి తెచ్చాడు. ఇన్నేళ్ళూ మేం భయపడ్డ గోడలోకి మేకు రెండు దెబ్బలకే దిగిపోయింది.

"గోడ పాడు చేశారంటారేమో," అన్నాను.

"అననీ."

ఫొటో ఎప్పుడో సూట్‌కేసు అడుక్కి చేరింది. ముగ్గురం నేల మీద కూర్చుని ఆ ఉత్త మేకునే చూశాం.