కొస కొరికిన మేకపిల్ల

శివరాత్రి వెళ్లింది, ఎండ ముదురుతోంది. పెరట్లో ఆనప తీగ కర్ర పట్టుకుని పందిరి మీదికి పాకుతోంది. పొడల కోడిపెట్టకు ఆ తీగ మీదే ఆశ. అది పందిరంతా అల్లుకుంటేనే కదా, మొన్న మొన్న గుడ్డు పగిలి వచ్చిన పిల్లలకు ఎండ నుంచీ గద్ద నుంచీ కాస్త చాటు దొరికేది.

తీగ ఇలా పందిరి అందుకుందో లేదో, మేకపిల్ల ముందుకాళ్లు కర్రకు ఆనించి దాని కొసను పుటుక్కున కొరికేసింది.

"నా పిల్లల గొడుగు తినేశావు కదరా," అంది పెట్ట.

"లేతగా ఉంది అత్తా," అంది మేకపిల్ల, నములుతూనే.

పెట్టకు దిగులే. అయినా చూడకుండా ఉండలేకపోయింది. రోజూ పొద్దున్నే మెడ సాచి తీగను పరీక్షించేది. ఒకనాడు ఆకుకాడ మొదట్లో పచ్చటి బుడిపె కనిపించింది. ఆ కింది ఆకు దగ్గర మరొకటి. ఏమిటివి? పొడిచి చూద్దామనిపించి, మళ్లీ ముక్కు వెనక్కి లాక్కుంది. బుడిపెలు కొమ్మలయ్యాయి. కొసకు పోయే బలం పక్కలకు తిరిగిందన్నమాట. ఒంటి తీగ కాస్తా పందిరంతా పరుచుకుంది. పిల్లలు నీడలోకి చేరాయి.

"చూశావా అత్తా, నా పంటి మహిమ," అంటూ మేకపిల్ల మళ్లీ కర్రకు కాళ్లు ఆనించింది. "ఈ కొసలన్నీ కొరికితే ఇంకెన్ని వస్తాయో."

పెట్ట రెక్కలు విప్పి అడ్డం నిలబడింది.

"ఒక్క కొస కొరికితే సేద్యం రా అబ్బాయ్. అన్నీ కొరికితే అది మేతే."