ఏ ప్రమాది?

"శకం లేదు అంకుల్. ఉత్త 'ప్రమాది' అని ఉంది. 1699 అని ఎలా వేయమంటారు?"

పార్థసారథి తాటాకును టీపాయ్ మీద పడేసినంత పని చేశాడు.

"మెల్లిగా పెట్టవయ్యా! అది నీ కంప్యూటర్ కీబోర్డు కాదు. మా పూర్వీకుడు పేరయామాత్యుడి చేతిరాత!" దశరథరామయ్య అరిచాడు.

హౌగాంగ్‌లోని ఆ ఫ్లాట్లో గంట నుంచీ ఇదే గొడవ. ఈ 1999 ప్రమాది నామ సంవత్సరం. మూడు వందల ఏళ్ల కిందటి 1699 కూడా ప్రమాదే. అందుకని అక్కడి ప్రవాసుల తెలుగు సంఘం '1699లో తెలుగు సాహిత్యం' అని ప్రత్యేక సంచిక తలపెట్టింది. సంపాదకుడు పార్థసారథి. వారమంతా బ్యాంకులో వై-టూ-కే పని, ఆదివారాలు ఈ పని.

దశరథరామయ్య షిప్పింగ్ కంపెనీలో రిటైరయ్యాడు. దేవుడి అలమరలో పూర్వీకుల తాటాకుల కట్ట ఉందని ముప్ఫై ఏళ్లుగా ఊరందరికీ చెప్పాడు గానీ, తను విప్పి చూసింది మాత్రం సంచిక ప్రకటన వచ్చాకే. చివరి ఆకుల్లో పద్యాలు కనిపించాయి. ఇక మనిషి నేల మీద నిలవడం లేదు.

"అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. 1759 కావచ్చు, 1819 కావచ్చు. 1939లో మీ తాతగారే రాసుండొచ్చు. మా ఆఫీసు కంప్యూటర్లలో ఏడాదికి రెండంకెలే వేసిన గోల కూడా అచ్చం ఇదే, 00 అంటే 1900ఓ 2000ఓ తెలీదు."

"మా తాతా? ఆయనకి సంతకమే సరిగ్గా వచ్చేది కాదు!"

"అక్షరాల్లో మసి కూడా నల్లగా నిగనిగలాడుతోంది."

"ఏటా సరస్వతీ పూజకి నూనె రాసి మసి పట్టించేది మా ఆవిడ. కావాలంటే అడుగు!"

"ఔను బాబూ, నేనే," అంది సుభద్ర కాఫీ గ్లాసులు పెడుతూ.

"ముందు పద్యం చూడవయ్యా! ఇల్లాలు పాట పాడుతుంటే మగడు సగంలోనే నిద్రపోతాడు. ఆవిడ వాడికి విసనకర్ర విసురుతూ మిగతా పాట గోడ మీది బల్లికి వినిపిస్తుంది. బల్లి ఔనంటుంది! ఈ కాలంవాళ్లు చచ్చి పుట్టినా రాయగలరా?"

"పద్యం చాలా బాగుంది అంకుల్. తగువు ఏడాది గురించే."

"మూడో పాదంలో యతి కోసం..." అని సుభద్ర ఏదో చెప్పబోయింది.

"నువ్వూరుకో! ఈవిడా ఒకప్పుడు పద్యాలంటూ గిలికిందయ్యా. నోటుబుక్కు తీసుకెళ్లి వంటింటి చెత్త గొట్టంలో పడేశాను. ఏడో అంతస్తు నుంచి సూటిగా కిందికి. మంచీ చెడ్డా తెలిసినవాణ్ణి గనకే చెబుతున్నా."

పార్థసారథికి ఆ మాట నచ్చలేదు. ఆ చిరాకంతా గొంతులోకి వచ్చేసింది.

"రేపు పొద్దున్నే ప్రెస్సుకి పంపాలి. ఏడాది తేలకపోతే ఈ పద్యాలు తీసేస్తున్నా. అంతే."

"తీసేస్తారా బాబూ?" సుభద్ర గాభరాగా అడిగింది.

"తప్పదు ఆంటీ. రేపు నలుగురూ నన్ను నిలదీస్తారు."

దశరథరామయ్య లేచి నిలబడ్డాడు.

"అయితే విను. ఇది 1699 కాదని ఎవరైనా తేల్చితే, రాసినవాడెవడో వాడి కాళ్లకి సభలో అందరి ముందూ దణ్ణం పెడతాను. పోయినవాడైతే వాడి ఫోటోకి పెడతాను!"

"రాసివ్వండి."

"ఏం, నా మాట మీద నమ్మకం లేదా?"

"లేదు."

ముసలాయన పళ్లు కొరుకుతూ రాశాడు. కాగితం చిరిగేలా సంతకం చేసి పార్థసారథి మొహాన విసిరాడు. అది అందకుండా నేల మీద పడింది. సుభద్ర వంగి తీసింది. రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి బొడ్డులో దోపుకుంది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"అవి మొన్న ఉగాదికి, కట్టలో మిగిలిన ఖాళీ ఆకుల మీద నేను రాసినవండీ."