జిగట స్పాంజి

"ఛీ! ఆ కంపు దాన్ని బయట పారెయ్యవే!" మధుబాబు ముక్కు మూసుకున్నాడు.

కూతురు మానస వినలేదు. పాత చేపల తొట్టెలోని ఫిల్టర్ స్పాంజిని జిగట కారుతుండగానే కొత్త పెద్ద తొట్టెలో పెట్టింది. మిగిలిన ఒక్క చేప, పాత నీళ్లున్న కవరులో, కొత్త నీళ్లమీద తేలుతోంది.

"మంచి మిర్చిలో పనికిరాని తాలుకాయలు కలిపినట్టుంది. ఇదేం పనే?"

"చేపల మలంలో విషాన్ని విరిచే బాక్టీరియా ఈ జిగట్లోనే ఉంటది నాన్నా. కడిగితే ముందు అది చస్తది, తర్వాత చేపలు."

పోయిన నెల స్పాంజిని బ్లీచింగ్‌తో తెల్లగా ఉతికింది మధుబాబే. వారంలో ఐదు చేపలు పోయాయి. రోగం సరుకు అంటగట్టావని చేపల కొట్టు ప్రభుదాసును మాచర్ల బజార్లో నానా మాటలూ అన్నాడు.

"నీకెవరు చెప్పారే?"

"ప్రభుదాసు బాబాయే. స్పాంజి కడిగారా అని ఆ రోజే అడగబోయాడు. నువ్వు నోరు తెరవనిచ్చావా?"

మధుబాబు ముక్కుమీది చెయ్యి దించాడు. ఈసారి అతనికి తన నోటిమీదే రోత పుట్టింది.

"ఆయన కొట్టు కాడ జనం ఎప్పుడు ఎక్కువుంటారే?"

"ఆదివారం సాయంత్రం. ఎందుకు?"

"తిట్టింది అందరి ముందు గదా. తప్పైందని చాటుగా చెబితే ఎట్టా సరిపోద్ది?"